బోరు మోటారు లోపాన్ని పైపులు పీకకుండా కాగితం మీదే పట్టుకోవడం ఎలా?

ఆటో స్టార్టర్‌లో బల్బు వెలిగింది, మోటారుకి కరెంటు కలిపే కాంటాక్టర్ ఠక్కున పట్టింది, ఎంత కరెంటు లాగుతోందో చూపే ఆమ్మీటర్ ముల్లు లేచింది కానీ ఎప్పుడూ ఉండే చోటికన్నా కిందే ఆగింది, పైపులో చుక్క నీళ్లు లేవు. మా బోరుకి ఇలాగే జరిగినప్పుడు మోటారునీ పంపునీ కలిపే కప్లింగ్ తెగిందన్న మాట నమ్మి పైపులన్నీ పైకి లాగించాం. తీరా చూస్తే మోటారూ పంపూ భేషుగ్గా ఉన్నాయి, బోరులోనే నీళ్లు లేవు. కూలీ డబ్బులు పోయాయి, రెండు రోజులు పైరు ఎండింది. విప్పకముందే తేల్చుకునే దారి ఒకటుందని ఆ తర్వాత తెలిసింది. దాని పేరు పెట్రీ నెట్, అంటే స్థితుల్నీ వాటిని మార్చే సంఘటనల్నీ గీసి చూపే బొమ్మ. జర్మనీలో కార్ల్ ఆడమ్ పెట్రీ 1962లో తన డాక్టరేట్ పరిశోధనలో దీనికి పునాది వేశారు. మనకి తెల్ల కాగితం, పెన్సిలు, గుప్పెడు చింతపిక్కలు చాలు.

మొదటి పని బొమ్మ. ఒక్కో స్థితికి ఒక గుండ్రం గీయండి: కరెంటు లేదు, కరెంటు వచ్చింది, కాంటాక్టర్ పట్టింది, మోటారు తిరుగుతోంది, నీళ్లు పడుతున్నాయి. వీటిని ప్లేస్‌లు అంటారు. పక్కన ఇంకో మూడు: కాంటాక్టులు (కాంటాక్టర్ లోపల కరెంటు కలిపే బిళ్లలు) బాగున్నాయి, కప్లింగ్ బాగుంది, బోరులో నీళ్లున్నాయి. ఒక స్థితిని ఇంకోదానికి మార్చే సంఘటనకి అడ్డగీత గీయండి, అది ట్రాన్సిషన్. ఇప్పుడు బాణాలు. "నీళ్లు పడ్డాయి" అనే గీతలోకి మూడు బాణాలు రావాలి: మోటారు తిరగాలి, కప్లింగ్ బాగుండాలి, బోరులో నీళ్లుండాలి. చివరి రెండింటికీ బాణం వెనక్కి కూడా గీయండి, నీళ్లు పడినంత మాత్రాన కప్లింగ్ పోదు కదా. "కాంటాక్టర్ పట్టింది" నుంచి "మోటారు తిరుగుతోంది"కి మార్చే "ముల్లు లేచింది" గీతకి కాంటాక్టులతో ఇలాగే చేయండి. కరెంటు ఏ స్థితిలోనైనా పోవచ్చు, ఆ గీతలూ వేయండి.

తర్వాత పిక్కలు. "కరెంటు లేదు"లో ఒకటి, పక్క మూడింట్లో ఒక్కోటి పెట్టండి. నియమం ఒక్కటే: గీతలోకి బాణం వచ్చే ప్రతి గుండ్రంలోనూ పిక్క ఉంటేనే ఆ సంఘటన జరుగుతుంది, జరిగితే అక్కడ ఒక్కో పిక్క తీసి, బాణం వెళ్లే గుండ్రాల్లో ఒక్కోటి పెట్టాలి. చేత్తో జరిపి చూడండి. నిజంగా జరగనిది బొమ్మలో జరిగితే బాణం తప్పు గీశారన్నమాట.

మూడో పని, కంటికి కనపడని సంఘటనలు. కాంటాక్టులు కాలడం, కప్లింగ్ తెగడం, బోరు ఎండడం, వీటికి చుక్కల గీత వేయండి. పిక్క "కప్లింగ్ బాగుంది" నుంచి "కప్లింగ్ తెగింది"కి చడీచప్పుడు లేకుండా మారిపోతుంది. ఎండిన బోరులో మళ్లీ ఊట ఊరొచ్చు కాబట్టి వెనక్కి ఇంకో చుక్కల గీత వేయండి. తెగిన కప్లింగ్ దానంతటది అతుక్కోదు, దానికి వద్దు.

ఇక్కడే చాలామంది పొరబడతారు. "నీళ్లు రాలేదు" అనేది సంఘటన కాదు, ఏమీ జరగకపోవడం, దాన్ని ఈ బొమ్మ పట్టుకోలేదు. అందుకే మీ బోరులో నీళ్లు రావడానికి మామూలుగా పట్టే సమయానికి కాస్త కలిపి గడువు పెట్టుకుని "గడువు దాటింది" అనే గీత వేయాలి. అదీ రెండు వేయాలి, బోరు ఎండితే ఒకటి, కప్లింగ్ తెగితే ఒకటి. బయటి నుంచి చూస్తే రెండూ ఒకటే కాబట్టి పేరు ఒకటే. రెండింట్లోనూ మోటారు మీద బరువుండదు, ముల్లు కిందే ఉంటుంది, కాబట్టి ముల్లుని చూసి తేల్చలేం. కాంటాక్టులు కాలితే ముల్లు అసలే లేవదు, దానికి "ముల్లు లేవలేదు" అని వేరే గీత.

ఇక అసలు పని. చూసినవాటిని చూసిన వరసలోనే రాసుకుని, ఆ వరస రావాలంటే ఏయే చుక్కల గీతలు జరిగి ఉండాలో పిక్కలు జరుపుతూ అన్ని దారులూ వెతకండి. ఒక లోపం అన్ని దారుల్లోనూ ఉంటే ఖాయం, కొన్నిట్లోనే ఉంటే అనుమానం, దేంట్లోనూ లేకపోతే అది కాదు. "బల్బు, ఠక్, ముల్లు లేవలేదు" అంటే మన బొమ్మలో కాంటాక్టులే, ఎలక్ట్రీషియన్ స్టార్టర్ విప్పి చూస్తే సరి. "బల్బు, ఠక్, ముల్లు, గడువు" అంటే మాత్రం రెండు దారులు. ఆపి మర్నాడు వేసినప్పుడు కాసేపైనా నీళ్లు పడితే అప్పటిదాకా కప్లింగ్ తెగలేదనే. పడకపోతే ఎన్నిసార్లు వేసి ఆపినా రెండు దారులూ అలాగే మిగులుతాయి, పైగా నీళ్లు లేకుండా తిప్పితే మోటారు పాడవుతుంది. లోపం వచ్చాక కొంతసేపు గమనిస్తే అది తప్పకుండా తేలుతుందా లేదా అన్న ఈ ప్రశ్నకే డయాగ్నొసబిలిటీ అని పేరు. 1995లో మీరా సంపత్, స్టెఫాన్ లఫోర్చూన్ తదితరులు ఆటోమాటాలనే ఇంకోరకం స్థితుల బొమ్మల మీద దీన్ని నిర్వచించారు, తర్వాత పెట్రీ నెట్లకీ వచ్చింది.

తేలకపోతే చూసే కన్ను ఇంకోటి కావాలి. కరెంటు పూర్తిగా తీసేశాక సన్నటి తీగకి బరువు కట్టి పంపు నీళ్లు పీల్చే లోతుదాకా దించితే చాలు. బొమ్మలో "తీగ తడిసింది", "తడవలేదు" అని రెండు గీతలు వేసి, రెండింటికీ "కరెంటు లేదు" నుంచి బాణం తప్పకుండా గీయండి. ఇంకో సంగతి, ఆలస్యం చేస్తే ఈలోపు ఊట ఊరిపోయి ఎండిన బోరులో కూడా తీగ తడుస్తుంది, మళ్లీ రెండు దారులే. అందుకని ఆపిన వెంటనే దించాలి. అప్పుడూ తీగ తడిస్తే బొమ్మలో కప్లింగ్ దారి ఒక్కటే మిగులుతుంది. పైపులు లాగే మనుషుల్ని అప్పుడు పిలవండి.