వరదల తరువాత కో సముయ్ ప్రయాణం: బయలుదేరే ముందు ఏమేమి చూసుకోవాలి

2025 నవంబరు 21న దక్షిణ థాయ్‌లాండ్‌లోని హాత్ యాయ్ నగరంలో ఒక్క రోజులోనే 335 మిల్లీమీటర్ల వాన కురిసి, ఊరు ఊరంతా నీట మునిగింది. అలాంటి వార్త విన్నప్పుడు కో సముయ్‌కు టికెట్లు తీసుకున్నవారు ముందుగా పటం తెరిచి చూడాలి. హాత్ యాయ్ నుంచి సముయ్ ద్వీపం ఉత్తరంగా దాదాపు 280 కిలోమీటర్ల దూరంలో, థాయ్ సింధుశాఖలో ఉంది. అక్కడి వరద నీరు ఇక్కడికి రాదు. అయితే ఆ వరదకు కారణమైన అల్పపీడనం, ఈశాన్య రుతుపవనాలు మాత్రం ద్వీపం మీద కూడా ప్రభావం చూపుతాయి కనుక, వార్తను పూర్తిగా కొట్టిపారేయడం కూడా సరికాదు.

సముయ్‌లో పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు పడతాయి. వాటిలో నవంబరుదే అగ్రస్థానం. నెల్లూరు, తిరుపతి ప్రాంతాలవారికి ఈ కాలం కొత్తేమీ కాదు, ఎందుకంటే మన దక్షిణ కోస్తాను తడిపేది కూడా ఈ ఈశాన్య రుతుపవనాలే. థాయ్‌లాండ్ పడమటి తీరంలోని ఫుకెట్‌లో వానాకాలం మే నుంచి అక్టోబరు దాకా నడుస్తుంది. కనుక ఫుకెట్ వెళ్లివచ్చిన మిత్రులు చెప్పే నెలలను బట్టి సముయ్ ప్రయాణాన్ని నిర్ణయించుకోకూడదు.

తరువాత థాయ్ వాతావరణ శాఖ ప్రకటనలను రోజూ చదవాలి. ఫోనులో కనిపించే మబ్బు బొమ్మ వారమంతా వాన చూపినా, నిజానికి అది మధ్యాహ్నం గంటసేపు కురిసి వెలిసే జల్లు కావచ్చు. నా దృష్టిలో వాన కంటే ముఖ్యంగా గమనించవలసింది అలల ఎత్తు. ప్రకటనలో అలలు రెండు మీటర్లు దాటతాయని, చిన్న పడవలు ఒడ్డునే ఉండాలని కనిపిస్తే, ఆ రోజు సముద్ర ప్రయాణం పెట్టుకోవద్దు. ప్రధాన భూభాగం మీది డాన్‌సాక్ రేవు నుంచి వాహనాలను ఎక్కించుకుని సుమారు గంటన్నరలో ద్వీపం చేర్చే పెద్ద ఫెర్రీలు కొంత గాలికి తట్టుకుంటాయి. పొరుగు ద్వీపాలైన కో ఫంగాన్, కో తావ్ వైపు వెళ్లే వేగపడవలు ముందుగా ఆగిపోతాయి. 2011 మార్చిలో, అంటే వానాకాలం కాని రోజుల్లో, తుపాను వాతావరణం వల్ల కో తావ్‌లో చిక్కుకుపోయిన పర్యాటకులను తీసుకురావడానికి థాయ్ నౌకాదళం చక్రి నరుబెత్ అనే విమానవాహక నౌకనే పంపవలసి వచ్చింది. అందుచేత ఫెర్రీ దిగిన రోజే స్వదేశానికి విమానం ఎక్కేలా టికెట్లు తీసుకోకండి. మధ్యలో కనీసం ఒక రాత్రి ఖాళీ ఉంచుకోండి. ఈ ఒక్క జాగ్రత్తతో చాలా నష్టం తప్పుతుంది.

ద్వీపం నడుమ 600 మీటర్లకు పైబడిన కొండలున్నాయి. కుండపోతగా కురిస్తే ఆ నీరంతా తీరం వెంబడి ఉన్న పల్లపు నేలకు వేగంగా దిగి, చావెంగ్, లమాయ్ బీచ్ ప్రాంతాల వీధుల్లో ఎర్రమట్టి నీరై నిలుస్తుంది. కాలువ మూతలు కూడా కనిపించవు. గది తీసుకునేటప్పుడు అది పల్లంలో ఉందా, కాలువ పక్కన ఉందా అని హోటలువారిని సూటిగా అడగాలి. మిట్ట మీది విల్లాకు ఈ బెడద లేదు కాని, అక్కడికి వెళ్లే నిటారు సిమెంటు దారి తడిస్తే బాగా జారుతుంది. అలాంటి రోజుల్లో స్కూటరు అద్దెకు తీసుకోకపోవడమే మంచిది. బీచ్‌లో ఎర్ర జెండా ఉంటే, ఎండ కాస్తున్నా సరే, నీటిలోకి దిగకూడదు. సహాయం కావాలంటే పర్యాటక పోలీసుల నంబరు 1155.

ప్రయాణ బీమాను వరద హెచ్చరిక వెలువడక ముందే తీసుకోవాలి, ఎందుకంటే తెలిసిన విపత్తుకు తరువాత తీసుకున్న పాలసీ సాధారణంగా వర్తించదు.

ఆరోగ్యం సంగతి చాలామంది మరచిపోతారు. నిలిచిన నీటిలో చెప్పులు లేకుండా, ముఖ్యంగా కాలికి పుండు ఉన్నప్పుడు, నడవకూడదు. ఎలుకల మూత్రం కలిసిన నీటి వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ లక్షణాలు బయటపడడానికి ఒక్కోసారి నాలుగు వారాల దాకా పడుతుంది. ఇంటికి చేరాక జ్వరం, పిక్కల నొప్పి వస్తే, వరద నీటిలో నడిచిన విషయాన్ని, ఆ తేదీని డాక్టరుకు తప్పక చెప్పండి.