కేర్ హోముకు తనిఖీ వచ్చినప్పుడు: ఇంగ్లండ్‌లో పనిచేసే తెలుగు కేరర్లకు

ఇంగ్లండ్‌లో కేర్ హోముల, అంటే రోజువారీ పనుల్లో సాయం అవసరమైనవారు ఉండే హోముల, తనిఖీ చాలావరకు ముందుగా కబురు లేకుండానే జరుగుతుంది. ఉదయం హ్యాండోవర్, అంటే షిఫ్టు అప్పగింత, ముగిసీ ముగియకముందే రిసెప్షన్‌లో ఎవరో గుర్తింపు కార్డు చూపించి పుస్తకంలో సంతకం పెడతారు. పది నిమిషాల్లో ఆ వార్త అన్ని అంతస్తులకూ చేరుతుంది. కొత్తగా పనిలో చేరిన మన తెలుగు పిల్లలు ఆ సమయంలో ఎంత బెదిరిపోతారో నేను దగ్గరగా చూశాను. రోజూ చక్కగా చేసే పనే అయినా, అడిగేసరికి నోట మాట రాదు. మన పని ఏ ప్రమాణాలకు లోబడి ఉందో, వచ్చినవారు ఏం చూస్తారో ముందే తెలిసి ఉంటే ఆ బెదురు చాలావరకు తగ్గుతుంది.

ఈ తనిఖీలు చేసే సంస్థ కేర్ క్వాలిటీ కమిషన్. అందరూ సీక్యూసీ అంటారు. 2008 నాటి ఆరోగ్య, సామాజిక సంరక్షణ చట్టం కింద ఏర్పడి, 2009 నుంచి పనిచేస్తోంది. దీని పరిధి ఇంగ్లండ్ వరకే. స్కాట్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్‌లకు వేరే సంస్థలు, వేరే నిబంధనలు ఉన్నాయి. 2014లో వచ్చిన నిబంధనల్లో మనకు సంబంధించినవి ప్రధానంగా 9 నుంచి 20 వరకు ఉంటాయి: మనిషికి తగిన సంరక్షణ, గౌరవం, సమ్మతి, భద్రత, వేధింపుల నుంచి రక్షణ, ఆహారం, ఫిర్యాదులు, నిర్వహణ, సిబ్బంది, తప్పు జరిగితే దాచకుండా చెప్పడం. వీసా మీద ఉన్నవారికి ఇందులో ఇంకో కోణం కూడా ఉంది. 2024 మార్చి 11 నుంచి ఇంగ్లండ్‌లో కేరర్లకు స్పాన్సర్‌షిప్ ఇచ్చే సంస్థకు సీక్యూసీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అంటే హోము రిజిస్ట్రేషన్ నిలవడం మేనేజరు ఒక్కరి వ్యవహారం కాదు.

తనిఖీలో ఐదు ప్రశ్నలు అడుగుతారు: ఈ హోము సేఫ్‌గా ఉందా, ఎఫెక్టివ్‌గా ఉందా, కేరింగ్‌గా ఉందా, రెస్పాన్సివ్‌గా (మనిషి అవసరానికి తగ్గట్టు స్పందించేలా) ఉందా, వెల్ లెడ్‌గా (నడిపే తీరు బాగా) ఉందా. ఒక్కొక్కదానికీ, మొత్తానికీ అవుట్‌స్టాండింగ్, గుడ్, రిక్వైర్స్ ఇంప్రూవ్‌మెంట్, ఇనాడిక్వేట్ అనే నాలుగింటిలో ఒక రేటింగ్ ఇస్తారు. 2023 నవంబరులో 34 క్వాలిటీ స్టేట్‌మెంట్లతో, అంటే నాణ్యతను చెప్పే వాక్యాలతో, కొత్త పద్ధతి తెచ్చారు; 2024లో ప్రభుత్వం పెన్నీ డ్యాష్ చేత చేయించిన సమీక్ష దాన్ని గట్టిగా విమర్శించింది. పద్ధతుల్లో మార్పులు వచ్చినా ఐదు ప్రశ్నలూ నాలుగు రేటింగులూ అలాగే ఉన్నాయి కాబట్టి, కేరర్లు 34 వాక్యాలు బట్టీ పట్టనవసరం లేదని నా అభిప్రాయం.

ఇన్‌స్పెక్టర్ చేసే పనిని ఒక్క ముక్కలో చెప్పాలంటే, కాగితం మీద ఉన్న మనిషినీ కుర్చీలో కూర్చున్న మనిషినీ పక్కపక్కన పెట్టి చూడడం. నేను ఒక హోములో చేరిన మొదటి ఏడాది జరిగిన సంగతి చెబుతాను. మంచం దిగలేని ఒక పెద్దావిడ కేర్ ప్లాన్‌లో (ఆమెను ఎలా చూసుకోవాలో రాసిన కాగితంలో) ఆమె బరువు 47 కిలోలని ఉంది. పుండ్లు పడకుండా వేసిన గాలి పరుపు పంపు మీద, మనిషి బరువును బట్టి పెట్టవలసిన డయల్ మాత్రం 90 దగ్గర ఉంది. ఎవరో తుడిచేటప్పుడు తిరిగిపోయి ఉంటుంది. పరుపు గట్టిపడితే దాని ప్రయోజనమే పోతుంది. ఇన్‌స్పెక్టర్ మోకాళ్ల మీద కూర్చుని డయల్ చూసి, తర్వాత రోజువారీ చెక్ షీట్ తెరిచారు. ఆ ఉదయం "సరిచూశాను" అన్న గడిలో ఉన్న సంతకం నాది. నేను చూసింది పంపు లైటు వెలుగుతోందా లేదా అన్నంతవరకే. ఆవిడ చర్మానికి ఏ హానీ జరగలేదు. కానీ ఆ రోజు నుంచి, వేలితో తాకి అంకె చదవనిదే నేను ఆ గడిలో సంతకం పెట్టలేదు. మీరూ అలాగే చేయండి. హాయిస్ట్ (మనిషిని ఎత్తే యంత్రం) వాడేటప్పుడు ఆ మనిషికి ఏ సైజు స్లింగ్ (కూర్చోబెట్టి ఎత్తే గుడ్డ), దానికి ఏ రంగు లూపులు అని ప్లాన్‌లో రాసి ఉందో అవే వాడండి, "మీరు ఏ లూపు పెడతారు, ఎందుకు?" అన్నది తనిఖీలో అడగదగిన ప్రశ్న. హాయిస్టుకూ స్లింగుకూ ఆరు నెలలకోసారి నిపుణుల పరీక్ష జరగాలి కాబట్టి, వాటి మీది తేదీ చూసే అలవాటు చేసుకోండి.

రికార్డుల దగ్గర మనవాళ్లు చేసే పెద్ద పొరపాటు, షిఫ్టు చివర కూర్చుని అన్నీ ఒకేసారి రాయడం. ఎనిమిది మందినీ సరిగ్గా 2 గంటలకు, 4 గంటలకు, 6 గంటలకు పక్కకు తిప్పినట్టు చార్టు ఉంటే, ఇద్దరు కేరర్లు ఒకే నిమిషంలో ఎనిమిది గదుల్లో ఎలా ఉన్నారన్న ప్రశ్న వస్తుంది. ఎలక్ట్రానిక్ రికార్డులైతే మీరు వేసిన సమయంతో పాటు ఎంట్రీ చేసిన సమయమూ తెలిసిపోతుంది. 2.20కి తిప్పితే 2.20 అనే రాయండి. మరచిపోయి ఆలస్యంగా రాస్తే ఆలస్యంగా రాస్తున్నానని రాయండి. ఖాళీ గడి కనబడితే ఊహించి నింపకండి, సీనియర్‌కు చెప్పండి. ఖాళీ గడి ఒక లోపం, నింపేసిన అబద్ధం నమ్మకద్రోహం. ద్రవాల చార్టులో ఆ రోజు తాగినదంతా కలిపి మొత్తం వేయకుండా వదిలేయడం, తాగే కప్పు చేతికి అందని బల్ల మీద ఉండగా "నీళ్లు అందించాం" అని రాయడం కూడా ఈ కోవలోవే. "స్నానం నిరాకరించారు" అన్న రెండు మాటలు చాలవు: ఎప్పుడు అడిగారు, ఎలా అడిగారు, మళ్లీ ఎప్పుడు ప్రయత్నించారు, బదులుగా ఏం చేశారు అన్నది కూడా ఉండాలి.

ఇక గౌరవం విషయం. దీని మీద కాస్త ఎక్కువ చెప్పవలసి ఉంది, ఎందుకంటే మన పెంపకంలోని మంచితనమే ఇక్కడ అడ్డం వస్తుంది. ఇంట్లో పెద్దవాళ్ల చేత పని చేయించడం మనకు తప్పు. వాళ్లు లేవబోతే "మీరు కూర్చోండి, నేను తెస్తాను" అంటాం, చేయి వణికితే ముద్ద నోట్లో పెడతాం. అది ప్రేమే. అయితే ఇక్కడి ప్రమాణాల ప్రకారం, మనిషి తనంతట తాను చేసుకోగలిగిన పనిని మనం లాగేసుకుంటే ఆయన స్వతంత్రతను తగ్గించినట్టే. ఆయన చొక్కా గుండీలు పెట్టుకోవడానికి పావుగంట పడుతుందనుకోండి; ఆ పావుగంట పక్కనే నిలబడడం కూడా కేరర్ పనే. చెంచా పట్టుకోగలిగినవారికి లావు పిడి ఉన్న చెంచా ఇచ్చి పక్కన కూర్చోవాలి. పిలుపు కూడా అంతే. మనం అందరినీ అమ్మా, నాన్నా అన్నట్టు పిలవడానికి అలవాటుపడ్డాం, తోటివారిని చూసి డార్లింగ్ అనడం నేర్చుకుంటాం. ఆ మనిషికి ఎలా పిలిపించుకోవడం ఇష్టమో కేర్ ప్లాన్‌లో రాసి ఉంటుంది. మిసెస్ అని ఇంటిపేరుతో పిలవమన్నవారిని అలాగే పిలవండి. తలుపు తట్టి, జవాబు విని లోపలికి వెళ్లండి. ఇద్దరు తెలుగువాళ్లు కలిసి ఒకరికి బట్టలు మారుస్తూ తెలుగులో మాట్లాడుకుంటే, మధ్యలో ఉన్న ఆ మనిషి తన గదిలోనే పరాయివారవుతారు. ఈ అలవాటును మాత్రం పూర్తిగా మానుకోవాలి.

ఇన్‌స్పెక్టర్లు హాల్లో ఒక మూల కూర్చుని, మాట్లాడలేని రెసిడెంట్లతో (హోములో ఉండేవారితో) సిబ్బంది ఎలా మెలుగుతున్నారో నిమిషాల వారీగా గమనించే పద్ధతి ఒకటి ఉంది. దాన్ని సోఫీ అంటారు. బ్రాడ్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంతో కలిసి రూపొందించినది. డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఉన్నవారి అనుభవాన్ని తెలుసుకోవడానికి అది బాగా పనికొస్తుంది. ఎవరైనా అలా కూర్చుని ఉంటే మీరు నటించనక్కరలేదు. వీల్‌చైర్ కదిపేముందు ఎదురుగా వచ్చి, కళ్ల ఎత్తుకు వంగి, ఎక్కడికి వెళ్తున్నామో చెప్పి కదపండి. రోజూ అలా చేసేవారికి ఆ రోజు వేరుగా ఉండదు.

సమ్మతి గురించి 2005 నాటి మెంటల్ కెపాసిటీ చట్టం చెప్పేది ప్రతి కేరర్‌కూ తెలియాలి. ఎదుటివారికి నిర్ణయించుకునే శక్తి ఉందనే మొదట భావించాలి. అర్థమయ్యేలా చెప్పి సాయపడాలి. మనకు తెలివితక్కువగా తోచినంత మాత్రాన అది వారి అసమర్థత కాదు. శక్తి లేదని తేలితే వారి మేలు కోరి నిర్ణయించాలి. అందులోనూ స్వేచ్ఛను తక్కువగా తగ్గించే దారినే ఎంచుకోవాలి. ఈ శక్తి ఒక్కో నిర్ణయానికి వేరుగా ఉంటుంది. డబ్బు లెక్కలు తెలియని ఆవిడకు ఏ రంగు చీర... ఇక్కడైతే ఏ రంగు కార్డిగన్ కావాలో బాగా తెలుసు. మీ అంతస్తులో ఎవరికి డాల్స్ అనుమతి, అంటే భద్రత కోసం వారి స్వేచ్ఛను పరిమితం చేయడానికి చట్టబద్ధమైన అనుమతి, ఉంది, దాని గడువు ఎప్పుడు, దానికి జోడించిన షరతులేమిటి అన్నవి తెలుసుకుని ఉండండి. వారానికోసారి తోటలోకి తీసుకెళ్లాలని షరతు ఉంటే, తీసుకెళ్లినట్టు రికార్డు కూడా ఉండాలి.

మందుల విషయంలో, మింగడం కళ్లారా చూశాకే మార్ చార్టు (ఇచ్చిన మందుల రికార్డు) మీద సంతకం పెట్టండి. అవసరమైతే ఇచ్చే మందులకు, అంటే పీఆర్ఎన్ మందులకు, ఎప్పుడు, ఎందుకు, ఎంత ఇవ్వాలో రాసిన ప్రోటోకాల్ ఉండాలి. ఇచ్చిన కచ్చితమైన సమయం రాయకపోతే పారాసెటమాల్ రెండు మోతాదుల మధ్య నాలుగు గంటల ఎడం ఉందో లేదో ఎవరూ చెప్పలేరు. పార్కిన్సన్ వ్యాధి మందులకు వేళే ప్రాణం. అల్పాహారం రౌండు ఆలస్యమైందని వాటిని వెనక్కి నెట్టకూడదు. ఆహారంలో కలిపి తెలియకుండా మందు ఇవ్వడం మీ అంతట మీరు ఎన్నడూ చేయకండి. దానికి కెపాసిటీ పరీక్ష, మేలు కోరి చేసిన నిర్ణయం, ఫార్మసిస్టు సలహా కాగితం మీద ఉండాలి. కంటి చుక్కలకూ క్రీములకూ తెరిచిన తేదీ వేయండి. మందుల ఫ్రిజ్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. దాటితే అంకె రాసి ఊరుకోక, ఎవరికి చెప్పారో కూడా రాయండి.

మింగడంలో ఇబ్బంది ఉన్నవారి ఆహారానికి, పానీయాలకు 0 నుంచి 7 వరకు లెవెల్స్ ఉంటాయి. లెవెల్ 4 ప్యూరీ (మెత్తగా రుబ్బిన ఆహారం) రాసి ఉన్న మనిషి పళ్లెంలో జాలిపడి ఒక బిస్కెట్ పెట్టడం ప్రాణాపాయం. టీ ట్రాలీ తోసేవారికి కూడా ఈ వివరం తెలిసి ఉండాలి. పానీయాలను చిక్కబరిచే థిక్‌నర్ పొడి డబ్బాను రెసిడెంట్లకు అందేచోట వదలకండి. అదాటున నోట్లో వేసుకుంటే గొంతు పూడుకుపోతుంది. ఇలాంటి మరణం తర్వాత ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ 2015లో హెచ్చరిక జారీ చేసింది.

భవనం సంగతులు ఎక్కువగా మేనేజరువే అయినా, స్నానపు నీళ్లు 44 డిగ్రీలు దాటకుండా చూడడం, పై అంతస్తు కిటికీ 100 మిల్లీమీటర్లకు మించి తెరుచుకుంటే చెప్పడం, ఫైర్ డోరుకు కుర్చీ అడ్డం పెట్టకపోవడం మన చేతిలోవే.

మీ సొంత ఫైలు కూడా చూస్తారు. డీబీఎస్ తనిఖీ (నేర చరిత్ర పరిశీలన), రిఫరెన్సులతో పాటు చదువు ముగిసిన నాటి నుంచి ఉద్యోగ చరిత్ర మొత్తం, మధ్యలో ఖాళీలు ఉంటే వాటికి రాతపూర్వకమైన వివరణ ఉండాలని నిబంధన. గుంటూరులోనో కరీంనగర్‌లోనో డిగ్రీ అయ్యాక పోటీ పరీక్షలకు చదివిన రెండేళ్లు తప్పు కాదు, కానీ ఫైలులో ఖాళీగా ఉంటే లోపమే. మేనేజరును అడిగి ఒక పేరాలో రాసి ఇవ్వండి.

మీతో మాట్లాడినప్పుడు నియమాలు అప్పజెప్పకండి. "గది 12లో ఉన్నాయనకు రాత్రిళ్లు భయం, అందుకే బాత్రూమ్ లైటు వేసి ఉంచుతాం" అన్న ఒక్క వాక్యం చాలా చెబుతుంది. తెలియని ప్రశ్న అడిగితే తెలియదని చెప్పి, ఎక్కడ చూస్తారో, ఎవరిని అడుగుతారో చెప్పండి. ఒంటి మీద కమిలిన గాయం కనబడితే ఏం చేస్తారన్నది తప్పక సిద్ధంగా ఉండవలసిన జవాబు: మనిషిని భద్రంగా ఉంచడం, సీనియర్‌కు వెంటనే చెప్పడం, బాడీ మ్యాప్ (ఒంటి బొమ్మ గీసిన కాగితం) మీద గాయం చోటు గుర్తించడం, చూసింది చూసినట్టు రాయడం. ఇంటి గుట్టు బయటపెట్టకూడదన్న మన అలవాటు ఇక్కడ పనికిరాదు. పైవారు పట్టించుకోకపోతే స్థానిక కౌన్సిల్ సేఫ్‌గార్డింగ్ (వేధింపుల నుంచి రక్షణ) విభాగానికి, లేదా నేరుగా సీక్యూసీకి 03000 616161 నంబరులో చెప్పవచ్చు.

వీసా పోతుందేమోనని నోరు మూసుకునేవారి బాధ నాకు తెలుసు. 2025 జులై 22 నుంచి విదేశాల నుంచి కొత్తగా కేరర్లను రప్పించడం ఆగిపోయాక ఆ భయం ఇంకా పెరిగింది. ప్రజాహితం కోసం విషయం బయటపెట్టిన ఉద్యోగికి 1998 నాటి చట్టం రక్షణ ఇస్తుంది. ఇన్‌స్పెక్టర్‌తో ఒంటరిగా మాట్లాడే అవకాశం అడగండి. చేయని శిక్షణకు, పనిచేయని షిఫ్టుకు సంతకం పెట్టమంటే పెట్టకండి. రేపు ఏదైనా జరిగితే ఆ కాగితం మీద ఉండేది మీ పేరే.

తనిఖీ ముగిశాక ముసాయిదా నివేదిక హోముకు వస్తుంది. అందులో వాస్తవాల తప్పులుంటే చెప్పడానికి 10 పనిదినాలు ఇస్తారు. మీరు రాసిన రికార్డును వారు చూడలేదనిపిస్తే ఆ గడువులోనే మేనేజరుకు చూపించండి. తుది నివేదిక సీక్యూసీ వెబ్‌సైటులో అందరికీ కనబడుతుంది, రేటింగును హోము గోడ మీద ప్రదర్శించాలి. దాన్ని మొత్తం చదవండి. మీ అంతస్తు ప్రస్తావన ఉన్న వాక్యాల కింద గీత గీసి, తర్వాతి టీమ్ మీటింగులో ఆ పని ఎవరికి అప్పగించారో, ఎప్పటికల్లా అవుతుందో అడిగి రాసుకోండి.