ఇంట్లో కుందేలుకు గూడు మనమే కట్టేద్దాం

షాపుల్లో కనిపించే ఆ చిన్న పంజరాలు కుందేలును ఇంటికి మోసుకురావడానికి పనికొస్తాయి గానీ, అందులో రోజంతా ఉంచడానికి కాదు. వరసగా మూడు గెంతులు వేయగలగాలి, వెనక కాళ్ల మీద లేచి నిలబడితే చెవులు పైకప్పుకు తగలకూడదు. అందుకే కనీసం 6 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 3 అడుగుల ఎత్తు ఉండేలా చూసుకోండి, రోజూ కాసేపు బయటికీ వదలండి.

గోడలకు వెల్డ్ మెష్ (తీగలు అతికించిన గట్టి ఇనుప జాలీ) తీసుకోండి, గడి అంగుళం దాటకూడదు. కోళ్లకు కట్టే పల్చటి వల వద్దు, కొరికి పారేస్తుంది. మెష్ కోసిన చోట తీగ మొనలు సూదుల్లా ఉంటాయి, వాటిని ప్లయర్‌తో బయటికి వంచి, ఆకురాయితో రుద్ది, ఓసారి చేత్తో తడిమి చూడండి. జిప్ టైలతో, అంటే లాగి బిగించే ప్లాస్టిక్ పట్టీలతో బిగిస్తే, వాటి తోకలు బయటివైపు ఉంచి కత్తిరించేయండి, ప్లాస్టిక్ ముక్క మింగితే పేగుల్లో అడ్డం పడుతుంది.

అడుగున మాత్రం మెష్ వద్దే వద్దు. కుందేలు పాదాల కింద కుక్కకీ పిల్లికీ ఉన్నట్టు మెత్తలు ఉండవు, ఉత్త బొచ్చే, తీగల మీద పుండ్లు పడతాయి. నున్నటి టైల్స్ మీదేమో జారిపోతుంది. ప్లైవుడ్ వేసి మందంగా ఎండుగడ్డి పరవండి, దాక్కోవడానికి రెండు దారులున్న అట్టపెట్టె పెట్టండి.

ఫోన్ చార్జర్ వైరు గూటి దరిదాపుల్లో ఉండకూడదు. మన ఎండాకాలం ఇంకో టెన్షన్: గదిలో 30 డిగ్రీలు దాటితే దానికి ప్రమాదమే, ఐస్ బాటిల్‌కి గుడ్డ చుట్టి పక్కన పెట్టండి. నోరు తెరిచి ఎగపోస్తుంటే చెవులు చల్లటి నీళ్లతో తడుపుతూ వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.