బ్రౌజర్‌లో జిట్ ఆపేయడం: ఎక్కడ, ఎలా

వెబ్‌పేజీల కోడ్‌ను నడిపే జావాస్క్రిప్ట్ ఇంజిన్‌లో మెమరీ లోపాలకు పెద్ద పుట్ట జిట్ కంపైలర్, అంటే పేజీ నడుస్తుండగానే ఆ కోడ్‌ను ప్రాసెసర్ నేరుగా నడిపే మెషిన్ కోడ్‌గా మార్చే భాగం. ఒక ఫంక్షన్‌కు వేలసార్లు దశాంశ సంఖ్యల అరే (వరుస జాబితా) మాత్రమే వస్తే, ఇకముందూ అదే వస్తుందని జిట్ నమ్మి, కొన్ని తనిఖీలు తీసేసి మెషిన్ కోడ్ తయారు చేస్తుంది. ఈలోపు ఏ కాల్‌బ్యాకో (మధ్యలో నడిచే మరో ఫంక్షన్) ఆ అరేలో సంఖ్యకు బదులు ఒక ఆబ్జెక్ట్ పెట్టిందనుకోండి. ఆ మార్పు జిట్ కంట పడకపోతే, ఆబ్జెక్ట్ అడ్రసు సంఖ్యలా బయటికొస్తుంది. దాడి చేసేవాడు రాసిన సంఖ్య అడ్రసుగా చలామణీ అవుతుంది. ఇదే టైప్ కన్ఫ్యూజన్. 2020 జనవరిలో ఫైర్‌ఫాక్స్ 72.0.1లో సరిచేసిన సీవీఈ-2019-17026 అనే లోపం ఈ కోవదే. అప్పటికే దాంతో దాడులు జరుగుతున్నాయి.

ముందు అప్‌డేట్ సంగతి చూడండి. డౌన్‌లోడ్ అయినంత మాత్రాన పని కాదు. బ్రౌజర్ మూసి తెరిచేదాకా పాత ఇంజినే నడుస్తుంది. వారాల తరబడి ట్యాబులు మూయనివాళ్లు చిక్కుకునేది ఇక్కడే. 'అబౌట్' పేజీలో రీలాంచ్ బటన్ కనిపిస్తే వెంటనే నొక్కండి.

తర్వాత, నమ్మకంలేని లింకుల కోసం విడిగా ఒక ప్రొఫైల్ పెట్టుకుని అందులో జిట్ ఆపండి. ఫైర్‌ఫాక్స్‌లో అబౌట్:కాన్ఫిగ్ తెరిచి, జావాస్క్రిప్ట్.ఆప్షన్స్ కింద అయాన్, బేస్‌లైన్‌జిట్ రెండింటినీ ఫాల్స్ చేసి, బ్రౌజర్ మళ్లీ తెరవండి. క్రోమ్‌లో సైట్ సెట్టింగ్స్‌లోని అదనపు కంటెంట్ సెట్టింగ్స్‌లో జావాస్క్రిప్ట్ ఆప్టిమైజేషన్ ఆపవచ్చు (పాత వెర్షన్లలో దీని పేరు వీ8 ఆప్టిమైజర్; వీ8 అంటే క్రోమ్ జావాస్క్రిప్ట్ ఇంజిన్). ఎడ్జ్‌లో ఎన్‌హాన్స్‌డ్ సెక్యూరిటీ మోడ్, ఐఫోన్‌లో ఐఓఎస్ 16 నుంచి లాక్‌డౌన్ మోడ్ ఈ పని చేస్తాయి. ఆఫీసు కంప్యూటర్లన్నిటికీ ఒకేసారి కావాలంటే క్రోమ్ పాలసీలో డీఫాల్ట్‌జావాస్క్రిప్ట్‌జిట్‌సెట్టింగ్ విలువ 2 పెట్టండి.

మ్యాపులు, ఆటలు, వీడియో ఎడిటర్లు నెమ్మదిస్తాయి. ఆ పాలసీతో వెబ్‌అసెంబ్లీ (బ్రౌజర్‌లో వేగంగా నడిచే మరో రకం కోడ్) కూడా ఆగిపోవచ్చు. నమ్మిన సైట్ ఏదైనా పాడైతే దాన్నొక్కదాన్నే మినహాయింపు జాబితాలో చేర్చండి. చిరాకుపడి మొత్తం సెట్టింగే వెనక్కి తిప్పేయకండి.

జిట్ ఆపినా గార్బేజ్ కలెక్టర్ (వాడకంలో లేని మెమరీని ఖాళీ చేసే భాగం) లోపాలు, విడుదలైన మెమరీని మళ్లీ వాడేసే లోపాలు ఉంటాయి. వాటికి అడ్డుగోడ శాండ్‌బాక్స్, అంటే పేజీ కోడ్‌ను మిగతా కంప్యూటర్‌ను తాకనివ్వకుండా విడిగా బంధించే ఏర్పాటు. అందుకే 'నో-శాండ్‌బాక్స్' ఫ్లాగ్‌తో క్రోమ్‌ను ఎప్పుడూ నడపకండి. ఎలక్ట్రాన్‌తో (వెబ్ కోడ్‌తో డెస్క్‌టాప్ యాప్‌లు తయారుచేసే సాధనం) చేసిన చాట్, ఎడిటర్ యాప్‌లు తమ సొంత వీ8తో వస్తాయి. క్రోమ్‌ను అప్‌డేట్ చేస్తే అవి బాగుపడవు, వాటిని విడిగా అప్‌డేట్ చేసుకోవాల్సిందే.