వంకాయ అని చూసి ఆర్డరు చెయ్యకండి: చికాగో గ్రీక్‌టౌన్‌లో ఒక శనివారం

చికాగో వచ్చిన కొత్తలో మనవాళ్లు బయట తినాలంటే అయితే పిజ్జా, లేకపోతే శివారు ఊళ్లు నేపర్‌విల్‌లోనో షామ్‌బర్గ్‌లోనో బిర్యానీ. పిల్లలతో, ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్లతో ఒక సాయంత్రం సరదాగా గడపాలంటే గ్రీకు హోటళ్లున్న పేట గ్రీక్‌టౌన్‌కి వెళ్లమంటాను. డౌన్‌టౌన్‌కి పడమటి పక్క హాల్‌స్టెడ్ వీధి. బ్లూ లైన్‌లో యూఐసీ-హాల్‌స్టెడ్ స్టేషన్లో దిగితే నడిచి వెళ్లిపోవచ్చు. కారు తీసుకెళ్తే పార్కింగ్ సంగతి ముందే కనుక్కోండి.

ఇక్కడి హోటళ్లలో గ్రీకు పాటలు, డాన్సు ఉంటాయి కానీ అన్నిచోట్లా, అన్ని రోజులూ ఉండవు. ఫోన్ చేసి ఏ రోజు, ఎన్నింటికి మొదలవుతుందో అడిగి టేబుల్ బుక్ చేసుకోండి. చంటిపిల్లలుంటే స్పీకర్లకి దూరంగా ఇమ్మని అప్పుడే చెప్పండి.

ఇక తిండి. మా అత్తగారు శాకాహారి. మొదటిసారి ఆవిణ్ణి తీసుకెళ్లినప్పుడు మెనూలో మూసాకా కింద వంకాయ, బంగాళాదుంప అని కనబడింది. వంకాయ అన్న మాట దగ్గరే నేను చదవడం ఆపేశాను. పైన తెల్లటి సాస్ బంగారు రంగులో కాలి, పొగలు కక్కుతూ వచ్చింది. ఆవిడ చెంచాతో ఓ మూల తుంచి, పొరలు విడదీసి, "ఇదేంటమ్మా, వంకాయ మధ్యలో ఖైమాలా ఉందీ?" అన్నారు. ఖైమాయే. ఆ రాత్రి ఆవిడ బ్రెడ్డు, సలాడ్ తిని లేచారు. తప్పు నాదే.

అందుకే చెప్తున్నాను, మనకి తెలిసిన వంటలా కనబడిన ప్రతిదాన్నీ ఒకసారి అడగండి. అవ్‌గోలేమోనో నిమ్మకాయ చారులా ఉంటుంది కానీ అది కోడి రసంలో గుడ్డు గిలక్కొట్టి చేసేది. గులాబి రంగు పచ్చడి తరమసలాటా చేపగుడ్లతో చేస్తారు. ద్రాక్షాకుల్లో అన్నం చుట్టిన దోల్మాదెస్ మాంసంతోనూ చేస్తారు, ఉత్త అన్నంతోనూ చేస్తారు. నిమ్మరసం బంగాళాదుంపలు చాలాచోట్ల కోడి రసంలోనే మగ్గిస్తారు. రొట్టెలో చుట్టి ఇచ్చే కాల్చిన మాంసం గైరో, వాళ్ల నోట 'ఈరో', అమెరికాలో ఎక్కువగా గొడ్డు మాంసం, గొర్రె మాంసం కలిపి చేస్తారు. బీఫ్ తిననివాళ్లు కోడి మాంసం పుల్లకి గుచ్చి కాల్చే సువ్లాకీ అడగడం మేలు.

శాకాహారులకీ కావలసినంత ఉంది. పాలకూర, ఫెటా చీజ్ పెట్టి పొరలు పొరలుగా కాల్చే స్పనకోపిత (గుడ్డు వేశారేమో అడగండి), టమాటా రసంలో ఉడికిన లావుపాటి చిక్కుడు గింజలు గిగాంతెస్, నిమ్మరసం, ఆలివ్ నూనె వేసిన ఆకుకూర హోర్తా, మన దోసకాయ పెరుగుపచ్చడికి వేలువిడిచిన చుట్టం త్సత్సికీ. గ్రీకు క్రైస్తవుల ఉపవాస భోజనాన్ని 'నిస్తీసిమో' అంటారు. మాంసం, గుడ్లు, పాలు ఉండవు. ఆ మాట చెప్తే వెయిటర్‌కి వెంటనే అర్థమవుతుంది. ఒక్కటే చిక్కు, ఆ ఉపవాసంలో రొయ్యలు తినొచ్చు, కాబట్టి అవీ వద్దని చెప్పాలి. కారం మాత్రం ఆశించకండి. మనిషికో ప్లేటు కాకుండా నాలుగైదు రకాలు మధ్యలో పెట్టుకుని పంచుకోండి, వాళ్ల పద్ధతీ అదే.

'ఒపా!' అని కేక, ఆ వెంటే భగ్గున మంట కనిపిస్తే కంగారుపడకండి. అది సాగనాకీ, వేయించిన చీజ్. మీద బ్రాందీ పోసి అంటించి, నిమ్మకాయ పిండి ఆర్పుతారు. ఈ మంటల తమాషా 1968లో ఇదే వీధిలో మొదలైందని చెప్తారు. పైట, చున్నీ దగ్గరికి లాక్కోండి, పిల్లల చేతులు పట్టుకోండి. బ్రాందీ పడదంటే మంట లేకుండా తెమ్మనొచ్చు.

బుజూకీ వాయిద్యం అందుకోగానే జనం చేతులు పట్టుకుని గొలుసు కడతారు. అది కలమతియానో అనే నృత్యమైతే లెక్క మనకి తెలిసిందే: ఏడు దెబ్బలు, మూడు, రెండు, రెండు. చిన్నప్పుడు కర్ణాటక సంగీతం నేర్చుకున్న మా అత్తగారు రెండోసారి వెళ్లిన శనివారం ఆ తాళం బల్ల మీద వేళ్లతో వేసి, "మిశ్రచాపే కదే!" అన్నారు. గొలుసులో చేరాలంటే తోక దగ్గర చేరండి. ముందు రుమాలు ఊపుతూ నడిపించేవాళ్ల పక్కకి దూరకూడదు. ఒక్కడే చేతులు చాచి తూలుతున్నట్టు ఆడుతుంటే అది జెయిబెకికో. అతని ఆట అతన్ని ఆడుకోనివ్వాలి, మీరు చప్పట్లు కొడితే చాలు. పేపర్ నాప్కిన్లు గాల్లోకి ఎగిరితే పిల్లలకి పండగే. ప్లేట్లు మాత్రం పగలగొట్టకండి.

బిల్లు మీద పన్ను పదకొండు శాతం పైనే పడుతుంది. టిప్ 18 నుంచి 20 శాతం. ఆరుగురు దాటితే చాలాచోట్ల బిల్లులోనే వేసేస్తారు. చూసుకోకుండా మళ్లీ ఇచ్చారో, రెండుసార్లు ఇచ్చినట్టే.

మిగిలింది బాక్సులో కట్టించుకోండి, ఇక్కడ అందరూ తీసుకెళ్తారు. గిగాంతెస్‌కి మర్నాడు ఎండుమిర్చి, ఇంగువ పోపు పెట్టారు మా అత్తగారు. మధ్యాహ్నానికి గిన్నె ఖాళీ.