విజయనగరంలో ఉండి బ్యాంజో కొనడం, కాపాడుకోవడం, మంచిదానికి మారడం ఎలా?

మా ఊళ్ళో వయొలిన్ పెట్టె పట్టుకుని నడిస్తే ఎవరూ తిరిగి చూడరు. 1919లోనే సంగీత కళాశాల వెలిసిన ఊరు, ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ నేర్పిన చోటు మరి. అదే బ్యాంజో సంచీతో మూడు లాంతర్ల దగ్గర ఆటో ఎక్కితే మాత్రం "ఏటి బాబూ అది, డప్పా?" అని అడుగుతారు. సగం నిజమే. డప్పు మీద తీగలు బిగించి, దానికో పొడుగు మెడ పెడితే బ్యాంజో అయినట్టే. ఆఫ్రికా నుంచి బానిసలుగా పట్టుకెళ్ళినవాళ్ళ చేతుల్లో, అమెరికా, కరీబియన్ దీవుల్లో తయారైన వాయిద్యం ఇది, మొదట్లో సొరబుర్రకి తోలు మూసి చేసేవారు. జముకుల కథ విన్నవాళ్ళకి తోలూ తీగా కలిసి మోగడం కొత్తేం కాదు.

కింద మెట్లు (ఫ్రెట్లు), బిరడలు (తీగని బిగించే మరలు), గుర్రం (తీగలు ఆనే చిన్న చెక్క బ్రిడ్జ్) అని వీణవాళ్ళ మాటలే వాడతాను, మనకి అవే సులువు.

1. ఏ బ్యాంజో కావాలో ముందు తేల్చుకోండి

మన ఆర్కెస్ట్రావాళ్ళు బ్యాంజో అనేది టైప్‌రైటర్ మీటల్లాంటి బటన్లున్న పెట్టెని. అది బుల్‌బుల్ తరంగ్, జపాన్ వాయిద్యం తైషోగోతోకి చుట్టం. సెకండ్ హ్యాండ్‌లో వెతికేటప్పుడు రెండూ ఒకే పేరుతో కనిపిస్తాయి కాబట్టి ఫోటో చూడకుండా అడ్వాన్స్ పంపకండి.

గుండ్రటి డప్పులాంటి దాన్లో కూడా నాలుగు తీగలది, అయిదు తీగలది, ఆరు తీగలది ఉన్నాయి. ఆరు తీగలది గిటార్ వచ్చినవాళ్ళకి సరదాకి పనికొస్తుంది, కానీ బ్యాంజో అనగానే మీ చెవిలో మోగే ఆ గలగల కావాలంటే అయిదు తీగలదే కొనండి. దాని అయిదో తీగ పొట్టిది, దాని బిరడ మెడ పైచివర కాకుండా మెడ పక్కన, అయిదో మెట్టు దగ్గర ఉంటుంది, బొటనవేలితో మీటుతారు. మామూలు శ్రుతిలో జి (G) స్వరాన్ని షడ్జమం అనుకుంటే నాలుగో తీగ నుంచి మొదటి తీగ దాకా పంచమం, షడ్జమం, అంతర గాంధారం, పై పంచమం, పొట్టి తీగ తారస్థాయి షడ్జమం. నొక్కకుండా మీటినా జి మేజర్ కార్డ్ (స, గ, ప కలిసిన మోత) పలుకుతుంది.

2. వెనక మూత ఉన్నదా, లేనిదా?

వెనకాల గిన్నెలాంటి చెక్క మూత ఉంటే దాన్ని రెజొనేటర్ అంటారు, శబ్దాన్ని ముందుకి తోస్తుంది. మూత లేనిది మెత్తగా పలుకుతుంది, బరువూ తక్కువ. రెజొనేటరూ, తోలు కింద లోహపు వలయం (టోన్ రింగ్) ఉన్న బ్యాంజో అయిదు కిలోల దాకా తూగుతుంది, గంటసేపు భుజానికి వేలాడేస్తే తెలుస్తుంది. గోడకి గోడ ఆనుకున్న ఇంట్లో అద్దెకున్నవాళ్ళు నా మాట విని మూత లేనిదే తీసుకోండి. తీసుకోకపోయినా పర్వాలేదు, చాలావాటికి మూత నాలుగు మరలు విప్పితే ఊడొస్తుంది.

3. సెకండ్ హ్యాండ్‌ది అయితే ఇవి చూడండి

వాడిన బ్యాంజో అంటే నామోషీ పడక్కర్లేదు. అమెరికాలో పేరుమోసిన బ్యాంజో వాద్యకారుడు ఎర్ల్ స్క్రగ్స్ వాయించిన గిబ్సన్ కంపెనీ గ్రనాడా బ్యాంజో, తోటి వాద్యకారులు స్నఫీ జెంకిన్స్ నుంచి డాన్ రెనోకి, రెనో నుంచి మార్పిడిలో స్క్రగ్స్‌కి వచ్చిందే.

మెడని కంటికి ఆనించి తుపాకీ గురి చూసినట్టు చూడండి, మెలి తిరిగి ఉంటే వదిలేయండి. మొదటి నాలుగు మెట్ల మీద తీగలు గాళ్ళు కోశాయేమో వేలితో తడమండి. అయిదో బిరడ తిప్పి వదిలితే నిలబడాలి, జారకూడదు. తోలుని బిగించే, చుట్టూ ఉన్న కొక్కేల నట్లు తిరుగుతున్నాయో లేదో చూడండి. మనది సముద్రపు గాలి, భీమిలి, కళింగపట్నం వైపు ఇళ్ళల్లో ఉన్నవైతే తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉంటాయి. బలవంతంగా తిప్పితే కొక్కెం విరుగుతుంది.

4. వచ్చాక ముందు గుర్రం సంగతి చూడండి

ఈ ఒక్క పని తెలియక నేను ఏడాదిపాటు నా బ్యాంజోని తిట్టుకున్నాను. పన్నెండో మెట్టు దాటితే అపస్వరమే. ఇక కొత్తది కొనేయాలని లెక్కలు కూడా వేసుకున్నా. చివరికి వయొలిన్లు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి పట్టుకెళ్తే ఆయన కళ్ళద్దాలు పైకి నెట్టి, పక్క నుంచి ఒక్క చూపు చూసి, "ఏటి బాబూ, గుర్రం మెడకేసి ఒంగిపోనాది, సూస్కోలేదా?" అన్నాడు. తీగలు కాస్త వదులు చేసి, రెండు వేళ్ళతో గుర్రాన్ని నిటారుగా లేపి, వెనక్కి ఒక వడ్లగింజంత జరిపాడు. అంతే. డబ్బులు కూడా తీసుకోలేదు.

బ్యాంజో గుర్రం అతికించి ఉండదు, తీగల ఒత్తిడికే నిలబడుతుంది. అందుకే జరుగుతుంది. సరిచూసుకోవడం ఇలా: పన్నెండో మెట్టు మీద తీగని నొక్కకుండా వేలు ఆనించి మీటండి, తర్వాత అదే చోట నొక్కి మీటండి. రెండూ ఒకటే పలకాలి. నొక్కినదాని శ్రుతి పైకి పోతే గుర్రాన్ని వెనక్కి (మెడకి దూరంగా), కిందికి పోతే ముందుకి (మెడవైపు) జరపండి. తీగలన్నీ ఒకేసారి విప్పేస్తే గుర్రం పడిపోతుంది, కాబట్టి మార్చేటప్పుడు ఒక్కొక్కటిగా మార్చండి.

5. తోలు బిగింపు

ఇప్పుడు వచ్చేవన్నీ దాదాపు ప్లాస్టిక్ తోళ్ళే. పూర్వం దూడతోలు వేసేవారు, మన డప్పులాగే ముసురు పడితే సాగిపోయేది. ప్లాస్టిక్‌కి ఆ బాధ లేదు, కానీ శ్రావణ భాద్రపదాల్లో చెక్క మెడ తేమ పీల్చి కదులుతుంది, తీగలు ఎత్తుగా అనిపిస్తాయి. పెట్టెలో రెండు సిలికా జెల్ పొట్లాలు పడేయండి, వాయించాక తీగలు పొడిగుడ్డతో తుడవండి.

కొన్నాళ్ళకి శబ్దం బొద్దుగా, ముద్దగా మారితే తోలు వదులైందన్నమాట. ఒక నట్టుని పావు మలుపులో సగం తిప్పి, తర్వాత దాని ఎదుటి నట్టుకి వెళ్ళండి. అలా చుట్టూ పూర్తి చేసి ఆగండి. వేలితో తోలు మీద తట్టి, ఫోన్లో ట్యూనర్ పెట్టుకుని వినండి, జి (G)కీ ఏ (A)కీ మధ్య పలికితే చాలామందికి నచ్చే బిగువు. ఉత్సాహంలో నేను ఒకే మధ్యాహ్నం మూడు చుట్లు బిగించాను, రాత్రి పదింటికి ఫటేల్‌మని పగిలింది, మా అమ్మ వంటింట్లో కుక్కర్ పేలిందనుకుని పరుగెత్తింది.

6. తీగలు దొరక్కపోతే

దొరకవు. గిటార్ తీగలు దొరుకుతాయి. ఎలక్ట్రిక్ గిటార్ 9 నంబర్ సెట్‌లో (నంబరంటే తీగ మందం, అంగుళంలో వెయ్యో వంతుల లెక్క) మొదటి తీగ మన ఒకటో తీగకీ అయిదో తీగకీ, రెండో తీగ (11 నంబరు) మన రెండో తీగకీ సరిపోతుంది. మూడోదానికి 13, నాలుగోదానికి చుట్టతీగ 20 విడిగా తెప్పించుకోవాలి. గిటార్ తీగ చివర ఇత్తడి గుండు ఉంటుంది, బ్యాంజోకి కావాల్సింది వట్టి ఉచ్చు. ఆ గుండుని పటకారుతో నొక్కి పగలగొడితే ఉచ్చు మిగులుతుంది, కళ్ళు జాగ్రత్త.

7. మంచిదానికి మారేముందు

కొత్త తీగలు, సరైన బిగింపు, మేపుల్ చెక్కకి పైన ఎబొనీ పట్టీ వేసిన మంచి గుర్రం, గేరున్న అయిదో బిరడ. ఈ వరసలో మార్చండి, ఒక్కోటి మార్చి ఒక నెల వాయించండి. నాలుగూ అయ్యాక కూడా చెవికి ఆనకపోతే అప్పుడు కొత్తది. చవక బ్యాంజోల్లో డప్పు చట్రం అల్యూమినియంది ఒకే పోతగా ఉంటుంది, అలాంటిదానికి ఖరీదైన టోన్ రింగ్ వేద్దామనుకోవడం దండగ, అలాగే అమ్మేసి ఆ డబ్బు కలుపుకోండి. డీరింగ్, గోల్డ్ టోన్, రికార్డింగ్ కింగ్ లాంటి కంపెనీలవి బయటి దేశాల నుంచి రావాలి, ధర చూసేటప్పుడు కస్టమ్స్ సుంకం, రవాణా కూడా కలిపి చూడండి, లేకపోతే పార్సిల్ వచ్చిన రోజు గుండె గుభేల్‌మంటుంది.

పాతది పార్సిల్లో పంపేటప్పుడు తీగలు వదులు చేసి, గుర్రం తీసి గుడ్డలో చుట్టి సంచీ జేబులో పెట్టండి, అది ఎక్కడ నిలబడేదో తోలు మీద పెన్సిల్‌తో సన్నగా గీత గీసి పంపితే కొన్నవాడికి మళ్ళీ ఆ పెద్దాయన అవసరం పడదు.