పాత లారీకి బ్రేకు వేయగానే ‘ధడ్’మని మోగితే ఎక్కడ వెతకాలి

బ్రేకు తొక్కగానే కింద నుంచి ‘ధడ్’మని శబ్దం వస్తే చాలామంది ముందుగా డ్రమ్ములు విప్పిస్తారు. నిజానికి చక్రం ఆగినా బండి బరువు ముందుకే తోస్తుంది. ఆ తోపును భరించేవి యాక్సిల్‌ను (ఇరుసును) ఛాసిస్‌తో (బండి చట్రంతో) కలిపే కమాను కట్టలు (ఉక్కు పట్టీలు పేర్చిన స్ప్రింగులు), పిన్నులు, బోల్టులు. అందువల్ల వెతుకులాట అక్కడే మొదలుపెట్టడం మేలు.

ముందుగా ఖాళీ స్థలంలో నెమ్మదిగా నడుపుతూ ఒకసారి క్లచ్ తొక్కి, ఒకసారి తొక్కకుండా బ్రేకు వేయండి. క్లచ్ తొక్కినప్పుడు శబ్దం రాకపోతే ఇంజను శక్తిని వెనుక యాక్సిల్‌కు చేర్చే ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసులను (కీళ్లను), ఇంజనును పట్టి ఉంచే మౌంటింగులను అనుమానించాలి. చక్రం తిరిగిన ప్రతిసారీ మోగితే డ్రమ్మునో బేరింగునో చూడాలి. ముందుకు వెళ్తూ బ్రేకు వేస్తే ఒక్కసారి, రివర్సులో వేస్తే మరొక్కసారి మోగితే ఏదో భాగం జరుగుతోందని అర్థం.

తర్వాత బండిని చదునైన నేల మీద నిలిపి, చక్రాలకు రెండు వైపులా దిమ్మెలు పెట్టి, కమాను కట్టను యాక్సిల్‌కు బిగించే యూ బోల్టుల చుట్టూ ఉన్న మట్టిని శుభ్రంగా తుడవండి. యూ బోల్టు బిగించిన పట్టీ అంచున ఎర్రని తుప్పు పొడి గీతలా కనిపించినా, దాని పక్కన ఇనుము అరిగి మెరుస్తున్నా ఆ బోల్టు లూజయినట్లే. కట్ట ముందు పిన్ను నుంచి యాక్సిల్ మధ్య వరకు రెండు వైపులా టేపుతో కొలవండి. కొలతలు స్పష్టంగా తేడాగా ఉంటే కట్ట పట్టీలను మధ్యలో కలిపి ఉంచే సెంటర్ బోల్టు తెగి యాక్సిల్ జరిగి ఉండవచ్చు. అప్పుడు యూ బోల్టులు బిగించి సరిపెట్టుకోవడం చాలా ప్రమాదకరం, కట్ట విప్పి చూడవలసిందే. కట్ట చివరను ఛాసిస్‌కు తగిలించే షాకిల్ పిన్నులకు గ్రీజు కొట్టాక శబ్దం తగ్గితే వాటి చుట్టూ ఉండే బుష్షులు అరిగాయని భావించవచ్చు.

ముందు చక్రాన్ని జాకీతో లేపి, యాక్సిల్ కింద స్టాండు పెట్టి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. క్లీనరు బ్రేకు తొక్కి పట్టినప్పుడు ఆ ఊపు ఆగిపోతే లోపం బేరింగులో, ఆగకపోతే చక్రం పక్కకు తిరగడానికి ఆధారమైన కింగ్ పిన్నులో ఉంటుంది.

ఇవన్నీ బాగుంటేనే డ్రమ్ము విప్పి బ్రేకు షూలను పట్టి ఉంచే యాంకర్ పిన్నులు, వాటిని వెనక్కి లాగే రిటర్న్ స్ప్రింగులు, షూల మీది లైనర్ల రివిట్లు చూడాలి. ఎయిర్ బ్రేకు బండ్లలో హ్యాండ్ బ్రేకు స్ప్రింగు ఉండే వెనుక చాంబరును మాత్రం ఎవరూ సొంతంగా విప్పకూడదు. లోపల అణిగి ఉన్న స్ప్రింగు ఎగిరి తగిలితే ప్రాణం పోతుంది.

కొత్త యూ బోల్టులు వేస్తే, బండి కొంత దూరం లోడుతో తిరిగాక కంపెనీ చెప్పిన టార్క్‌కు (బిగింపు కొలతకు) మళ్లీ బిగించాలి.